ఖాళీ బుట్ట

పత్తి చేలో పాతిన లింగాకర్షక బుట్టను పొద్దున్నే తీసి చూస్తే ఒక్క రెక్కల పురుగూ కనపడదు. మామూలు చేలో అయితే ఎర పాతబడిపోయిందనో, బుట్ట పైకి కట్టామనో అనుకుంటాం. ముడులు కట్టిన చేలో మాత్రం ఆ ఖాళీ బుట్టే పని కుదిరిందనడానికి సాక్ష్యం. పక్కనే అసలు సిసలు ఎర ఉన్నా మగ పురుగు దాని జాడ పట్టుకోలేకపోయిందంటే, ఆడ పురుగు జాడ మాత్రం ఎలా పడుతుంది?

ముడి అంటే జానెడు సన్నని ప్లాస్టిక్ గొట్టం. మొక్కకు చుట్టి మెలిపెట్టడానికి వీలుగా దానికి ఒక తీగ ఉంటుంది. రెండు కొసలూ మూసే ఉంటాయి, ఎక్కడా చిల్లు లేదు. లోపలి వాసన గోడలోంచే, కొత్త కుండ చెమర్చినట్టు, మూడు నెలల పాటు బయటికి వస్తూ ఉంటుంది. నాకు ఈ గొట్టం గోడ మందమే అసలైన పనితనంగా తోస్తుంది. పల్చనైతే నెల తిరక్కుండా ఖాళీ, మందమైతే గాలిలో వాసన చాలదు. ఎండ ముదిరితే చెమర్చడం పెరుగుతుంది, ఆ లెక్కా చూసుకోవాలి.

లోపల ఉన్నది పత్తి కాయను తొలిచే గులాబి రంగు పురుగులో ఆడది రాత్రి మూడో జాములో విడిచే వాసనకు నకలు. ఆడ పురుగు విడిచేది గ్రాములో వందకోట్ల వంతులతో లెక్కపెట్టేంత. దాన్ని పట్టుకోవడానికి శాస్త్రవేత్తలు చాలా తిప్పలు పడ్డారు. 1966లో ఒక రసాయనానికి ప్రొపైల్యూర్ అని పేరు పెట్టి ఇదే ఆ వాసన అన్నారు. చేలోకి తీసుకెళ్తే ఒక్క మగ పురుగూ దగ్గరికి రాలేదు. 1973లో గానీ గుట్టు తేలలేదు. అది ఒక్క పదార్థం కాదు, రెండు, సగం సగం. రెండింటిలోనూ పదహారు కర్బన పరమాణువుల గొలుసే, ఏడో చోట వంపూ ఒకటే. పదకొండో చోట మాత్రం ఒకటి ఇటు వంగితే రెండోది అటు. ఆ కాస్త తేడాతో ఉన్న రెండూ సరిపాళ్లలో కలిస్తేనే మగ పురుగు కదులుతుంది. దీనికి గాసిప్లూర్ అని పేరు పెట్టారు. ఇంకో చిత్రం: ఈ రెండిట్లో ఒక్కదాన్నే విడిగా వాడుకునే పురుగు మన ఇళ్లలోనే ఉంది. గాదెలో వడ్లు తినే చిలకపురుగుకు ఆ సగమే పూర్తి పిలుపు.

మగ పురుగు గాలికి ఎదురుగా, అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ వాసన తీగ పట్టుకుని వస్తుంది. తీగ తెగితే అక్కడే అడ్డంగా తిరుగుతూ వెతుక్కుంటుంది. చేనంతా అదే వాసన అలుముకుంటే కొన్ని పురుగులు ప్లాస్టిక్ గొట్టాల చుట్టూ తిరిగి అలిసిపోతాయి, కొన్నిటికి ఆ వాసన అలవాటై పట్టనే పట్టదు. ఆడది కూడక పెట్టిన గుడ్లలోంచి పిల్లపురుగులు రావు. ఇందులో చచ్చే పురుగంటూ లేదు.

కట్టడంలోనూ ఒడుపుంది. ఎకరానికి 160 ముడులు, అంటే ఎటు చూసినా సుమారు అయిదు మీటర్లకొకటి. గూడ పడే వేళకు, విత్తిన నలభై, నలభై అయిదు రోజులకు, కట్టెయ్యాలి. ఆకు కాడకు కడితే ఆకుతో పాటే రాలిపోతుంది కాబట్టి కాండానికే చుట్టాలి. కాండం లావెక్కుతుంది కనుక బిగించకూడదు. ఆలస్యం చేస్తే అప్పటికే కూడిన ఆడవి గుడ్లు పెట్టేస్తాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు కొద్ది గంటల్లోనే మొగ్గలోకో కాయలోకో దూరుతుంది. ఇక పైన ఏ మందు కొట్టినా ఆకులు తడవడమే. విచ్చుకోని గుడ్డిపూలు కనపడే సరికే లోపల నష్టం మొదలై ఉంటుంది.

మందు కొట్టి కొట్టి విసిగిన ఊరు ఖమ్మం ప్రాంతంలోనే ఉంది. పాల్వంచ మండలం పునుకులలో 1999 నుంచి సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ రైతులతో కలిసి పనిచేసింది. లింగాకర్షక బుట్టలు, దీపపు ఎరలు, వేప గింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయం, వీటితోనే పత్తి పండించి, 2004 నాటికి తమది పురుగుమందులు వాడని ఊరని పునుకుల ప్రకటించుకుంది. అక్కడ వాడినవి బుట్టలు, ముడులు కావు. బుట్ట మగ పురుగును పిలిచి పట్టుకుంటుంది, ముడి దాన్ని దారి తప్పిస్తుంది. ఖమ్మం మామిడి తోటల్లో వేలాడే బుట్టలది మరో సంగతి. అవి పండు ఈగ కోసం, మిథైల్ యూజినాల్‌తో మగ ఈగల్ని రప్పించి చంపేవి. పండ్ల తోటల్లో ముడి పద్ధతి చూడాలంటే అమెరికా ఆపిల్ తోటలకు పోవాలి. అక్కడ కాయతొలుచు పురుగు మీద 1991 నుంచి ఇలాంటి గొట్టాలే కొమ్మలకు చుడుతున్నారు. అదే దేశం బీటీ పత్తి, వంధ్యీకరించిన పురుగులు, ఈ వాసన ముడులు కలిపి వాడి, 2018లో గులాబి రంగు పురుగు తమ పత్తిలో లేదని ప్రకటించింది.

మన దగ్గర చిక్కంతా కమతాల్లో ఉంది. రెండెకరాల చేలో ముడులు కట్టి, గట్టు అవతల కట్టకపోతే అక్కడ కూడిన ఆడ పురుగు గట్టు దాటి వచ్చి ఇక్కడ గుడ్లు పెడుతుంది. దాన్ని ఏ వాసనా ఆపలేదు. పత్తి గింజల్లో దాగిన పురుగు జిన్నింగ్ మిల్లుల దాకా ప్రయాణం చేస్తుంది గనుక మిల్లు పక్క చేలకు బెడద ఇంకా ఎక్కువ. పచ్చదోమకు, పొగాకు లద్దె పురుగుకు ఈ ముడులతో పనే లేదు, వాటి సంగతి విడిగా చూసుకోవాల్సిందే.

అందుకే భద్రాచలం దారిలో, మూడు వైపులా అడవి, ఒక్క వైపు బాట ఉన్న పత్తి మడి నాకు ఆశగా కనపడుతుంది. ఇరుగు పొరుగున పత్తి లేని చేలోకి కూడిన పురుగు రావడం కష్టమని నా అంచనా. గాలి వచ్చే వైపు అంచు సాళ్లలో మాత్రం వాసన నిలవదు, చేను లోపలికి కొట్టుకుపోతుంది. కట్టేవాళ్లు అక్కడ ముడులు దగ్గర దగ్గరగా వేసుకోవాలి. ముందుగా చూడాల్సింది కూడా ఆ వైపు బుట్టనే.