కుళాయి దగ్గరి క్రియాపదాలు

నగరజీవితాన్ని గురించి వ్రాసే పండితులు గడచిన మూడు దశాబ్దాలలో ఒక క్రొత్త వస్తువును చేపట్టినారు. నీటిగొట్టము, విద్యుత్తు తీగ, మురుగుకాలువ, బాట - ప్రభుత్వ పత్రాలు మౌలిక సదుపాయాలని పిలిచే ఈ వస్తువులు మనిషి దినచర్యను ఎట్లు దిద్దుతున్నవో వారు పరిశీలిస్తున్నారు. ఇది ఇంజనీర్లకు, సంఘశాస్త్రజ్ఞులకు సంబంధించిన విషయమే గాని సాహిత్యానికి పట్టనిదని మనలో కొందరు తలపవచ్చును. ఆ తలంపు సరికాదని నా నమ్మకము. ఈ సిద్ధాంతాలను తెలుగువారు కాపురమున్న ఒక పేటలో నిలిపి పరీక్షించినచో పరిశోధనకు కొరవడినది ఏమిటో, మన విమర్శకు కొరవడినది ఏమిటో రెండును తెలియగలవు.

ఆ పేటగా మిడిల్ పాయింట్‌ను తీసుకొందాము. అండమాన్ నికోబార్ దీవుల రాజధానియై, 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో అది ఒక భాగము. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ దీవుల జనసంఖ్య 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి సుమారు పదముగ్గురు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతాలనుండి ఓడనెక్కి వచ్చిన కుటుంబాలు వీరిలో అనేకము. వీధిలో హిందీ, ఇంటిలో తెలుగు అక్కడి వాడుక.

ఈ దీవులలో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అయినను నగరానికి నీటి ఎద్దడి తప్పదు. నేల కొండవాలు, పెద్ద నదులు లేవు, పడిన వాన త్వరలోనే సముద్రాన్ని చేరుతుంది. 1973లో పనిలోనికి వచ్చిన ధనిఖారి ఆనకట్ట నగరానికి ప్రధానమైన ఆధారము. జనవరి మొదలు ఏప్రిల్ వరకు వానలు వెనుకబడినప్పుడు జలాశయము తగ్గిపోతుంది. అప్పుడు నీరు దినము విడిచి దినము, గడ్డు సంవత్సరాలలో ఇంకను ఎక్కువ ఎడముతో అందుతుంది. చుట్టును సముద్రము, ఆరు నెలలకు పైగా వాన, ఇంటిముందు ఖాళీ డ్రమ్ము - ఇది అక్కడి స్థితి.

ఇక సిద్ధాంతము. అమెరికా దేశపు సంఘశాస్త్రవేత్త సుసాన్ లీ స్టార్ 1999లో ప్రకటించిన వ్యాసము ఈ పరిశోధనకు మూలగ్రంథము వంటిది. మౌలిక సదుపాయము సవ్యముగా పనిచేసినంతకాలము కంటికి కనబడదనీ, చెడినప్పుడే కనబడుతుందనీ అందులోని ప్రసిద్ధ సూత్రము. ఇరువదినాలుగు గంటలును నీరు పారే నగరాలకు ఈ మాట చక్కగా సరిపోతుంది. మిడిల్ పాయింట్ గృహిణికి ఇది ఎట్లు సరిపోతుంది? ఆమెకు కుళాయి ఏనాడును మరుగుపడదు. బట్టలుతుకు దినము, పెద్ద వంటకు పూనుకొను దినము, చుట్టాలను రమ్మనదగిన దినము, ఇంటిలో ఒకరు పనికి ఆలస్యముగా పోవలసిన దినము - అన్నిటిని నిర్ణయించేది అదే. చెడుట, బాగుగా నుండుట అను రెండు స్థితులకు నడుమ వంతు అనే మూడవ స్థితి ఉన్నది. మన దేశములో పెక్కు పట్టణాలు బ్రతికేది ఈ మూడవ స్థితిలోనే. మానవశాస్త్రజ్ఞుడు బ్రయన్ లార్కిన్ కూడ 2013లో ఈ సూత్రాన్ని ప్రశ్నించి, కనబడకపోవుట సదుపాయముల సహజగుణము కాదని వాదించినాడు. స్టార్ వ్యాసములోనే ఒక విరుగుడు లేకపోలేదు. నీటి వ్యవస్థ వంటచేయువారికి వంటలో భాగము, నగర ప్రణాళిక వేయువారికి లెక్కలో ఒక అంకె, గొట్టాలు బాగుచేయువానికి మరమ్మతు వస్తువు అని ఆమె చూపినది. ఎవరి కంటితో చూచుట అన్నదే అసలు ప్రశ్న. కథకునికి ఈ ప్రశ్న క్రొత్త కాదు.

మన స్థితికి ఇంకను దగ్గరగా వచ్చిన గ్రంథము నిఖిల్ ఆనంద్ 2017లో ప్రకటించిన ముంబయి నీటి అధ్యయనము. రోజుకు కొన్ని గంటలే నీరందే ఆ నగరములో గొట్టానికి హక్కు సంపాదించుటయే నగరములో పౌరుడగుట అని ఆయన నిరూపించినాడు. కవాటాలు త్రిప్పే పురపాలక ఉద్యోగులను, కాగితాలు చేతబట్టుకొని తిరిగే పేటవాసులను ఆయన ఓపికతో పరిశీలించినాడు. చదువవలసిన గ్రంథము. అయినను అది ఇంగ్లీషులో ఆలోచించిన గ్రంథము. పేటవాసుల మాటలలోని అర్థము అందులోనికి వచ్చినది గాని ఆ మాటల వ్యాకరణము రాలేదు. ఇక్కడ మన భాష చెప్పగల సాక్ష్యము ఒకటి ఉన్నది.

ఉత్తరాంధ్ర వీధిలో కుళాయి పారినప్పుడు వినబడే కేకలను గమనించండి. ‘‘వదినా, నీళ్లొదిలేరు’’ అని ఒకామె పిలుస్తుంది. ‘‘నీళ్లొచ్చేయి’’ అని ఇంకొకామె అంటుంది. ‘‘నాకూ రెండు బిందెలు పట్టీవా?’’ అని పనికి పోబోవు మూడవ యామె అడుగుతుంది. వదలుట, వచ్చుట, పట్టుట - మూడు క్రియలు. మొదటిదానికి కర్త ఉన్నాడు, కాని అతని పేరు వాక్యములో లేదు. ఎక్కడనో ఒక కార్యాలయము, ఒక కవాటము, ఒక చేయి ఉన్నవని బహువచనము మాత్రమే సూచిస్తుంది. రెండవదానికి నీరే కర్త. చుట్టమువలె తన ఇష్టాన వస్తుంది, రాకుండును. మూడవదానికి కర్త తాను. చేతిలో బిందె, ఎదుట సన్నని ధార.

ఇవి పర్యాయపదాలని భ్రమపడరాదు. ‘నీళ్లు రాలేదు’ అన్నవాడు దైవాన్ని తలచినాడు. ‘నీళ్లు వదలలేదు’ అన్నవాడు అధికారిని ప్రశ్నించినాడు. ఒకే గృహిణి ఫాల్గుణములో మొదటి మాట పలికి, చైత్రములో రెండవ మాటకు మారినచో ఆ నెల నడుమ ఆమె మనస్సులో ఒక రాజకీయము పుట్టినదన్నమాట. ఆశను విడిచినామనుటకు ‘నీళ్లు వదలుకొన్నాము’ అనే జాతికి, నీళ్లు వదలుటయే ఆశ కలిగించే వార్త అయినది. ఆనంద్ తన గ్రంథములో విపులముగా చర్చించిన పౌరసత్వ సమస్య మనకు ఒక క్రియాపదపు మార్పులో దొరుకుతున్నది.

మూడవ క్రియను గురించి మరియొక మాట. జోహానెస్‌బర్గ్ నగరాన్ని పరిశీలించి 2004లో అబ్దుమాలిక్ సిమోన్ మనుష్యులే మౌలిక సదుపాయమని ప్రతిపాదించినాడు. పొరుగింటివారికి బిందెలు పట్టిపెట్టే స్త్రీ ఆ ప్రతిపాదనకు ఉదాహరణము. కాని ఇందులో ఒక ప్రమాదము కలదు. ఆమెను సదుపాయమని పొగడినప్పుడు ఆమె నడుమునొప్పి, తెల్లవారుజామున కోల్పోయిన నిద్ర లెక్కకు రాకుండ పోవును. సిద్ధాంతము మరచుటకు వీలున్న దానిని జ్ఞాపకముంచుట కథ చేయవలసిన పని.

అండమాను విషయములో ఈ బాధ్యత మరింత హెచ్చు. ఫిలిప్ సెమిష్ 2017 నాటి గ్రంథములో అక్కడ అడవులు నరికి శ్రమించిన ఛోటానాగపూర్ ఆదివాసులకు, అనగా రాంచీలని పిలువబడువారికి, ప్రధాన స్థానమిచ్చినాడు. అది న్యాయమైన పని. ఓడనెక్కిన మన తెలుగు కుటుంబాల దినచర్యను వ్రాయవలసిన భారము మాత్రము మనమీదనే ఉన్నది. జనాభా లెక్క వారి సంఖ్యను చెప్పినది. వారి సోమవారము ఎట్లు గడచునో చెప్పలేదు.

ఇక మన విమర్శ. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన తరువాత కాలువనీరు కోస్తా బ్రతుకును మార్చినదని మనకు తెలుసును; ఆ నీటిని గూర్చి ఆదరముతో మాట్లాడుతాము. కుళాయి నీరు కథలోనికి వచ్చినప్పుడు మాత్రము దానిని ‘వాతావరణ చిత్రణ’ అని ఒక వాక్యములో తేల్చి పాత్రపోషణకు, ఇతివృత్తానికి సాగిపోతాము. నేనును అట్లు వ్రాసినవాడనే. ఒక కథలో కుళాయి వద్ద కలహము సహజముగా ఉన్నదని మెచ్చుకొని, ఆ కలహము ఏ దినమున, ఎన్ని దినాల ఎండుదల తరువాత వచ్చినదో చూడలేదు. చూచియుంటే ఆమె నోటిదురుసు స్వభావమా, నాలుగవనాటి దాహమా అన్న ప్రశ్న పుట్టియుండెడిది. పాత్రను గూర్చిన నా తీర్పు మారియుండెడిది.

కావున నగరాన్ని వస్తువుగా గైకొన్న రచనను ఇకమీదట విమర్శించువారు మూడు ప్రశ్నలు వేసుకొనవలెనని మనవి. ఈ కథలో నీటిని వదలినవారెవరు? అది ఎప్పుడు వచ్చినది? పట్టినవారెవరు, ఎవరికొరకు? మిడిల్ పాయింట్ నుండియో, ఇంకొక దూరపు పేటనుండియో రేపు ఒక తెలుగు కథ మన చేతికి రావచ్చును. అందులో ఒక స్త్రీ గడియారము చూచుకొని లేచి బిందె అందుకొన్నచో, ఆ వాక్యము దగ్గర మనము కొంచెము ఆగి చదువవలెను.