ఘాటీ జీపుకు కొత్త గేర్‌బాక్స్

సాలూరు దాటి పాచిపెంట మండలంలోకి వెళ్లాక, పి.కోనవలస దగ్గర్నుంచి రోడ్డు మెలికలు తిరగడం మొదలుపెడుతుంది. సాలూరు ఎత్తు సముద్రమట్టానికి సుమారు 120 మీటర్లు, సుంకి ఘాటీ అవతలి కోరాపుట్ ఎత్తు సుమారు 870. ఒకప్పుడు 43వ నంబరు జాతీయ రహదారిగా, ఇప్పుడు 26వ నంబరుగా పిలిచే ఈ దారి మీదే సాలూరు లారీల ఊరయింది. బాడీ కట్టే షెడ్లు, కమాను కట్టలు సరిచేసేవాళ్లు, లేతు పనివాళ్లు, గేర్‌బాక్స్ విప్పి చెవితోనే జబ్బు కనిపెట్టే మేస్త్రులు ఈ రోడ్డును నమ్ముకుని బతికినవాళ్లే. లోడు లారీని ఘాటీ ఎక్కించాలంటే గేరు ఎంత ముఖ్యమో వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

లారీలు పోయే రోడ్డు ఆగిన చోట జీపు మొదలయ్యేది. పార్వతీపురం, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సీతంపేట ఏజెన్సీ ఊళ్లకు సంతకైనా ఆసుపత్రికైనా చాలాకాలం జీపే దిక్కు. మహీంద్రా సంస్థ మన దేశంలో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది 1947లో. ఆ వంశంలోని సీజే-3బీ బండ్లు, వాటి తర్వాతి ఎంఎం-540లు, కమాండర్లు ఇంకా కొన్ని ఇళ్ల ముందు ఉన్నాయి. కొన్ని నడుస్తున్నాయి, కొన్ని తుప్పు పడుతున్నాయి. నడిచేవాటిని మరో ఇరవై ఏళ్లు నడిపించే పనుల్లో ఒకటి పాత గేర్‌బాక్స్ దించి అయిదు గేర్లది ఎక్కించడం. ఇది వేగం సరదా కోసం చేసే పని కాదని నా గట్టి నమ్మకం.

సీజే-3బీలో ఉండేది టీ-90 అనే మూడు గేర్ల పెట్టె. దృఢమైనది, విప్పడానికి తేలిక. ఒకటో గేరుకు మాత్రం సింక్రోమెష్ లేదు. అంటే బండి కదులుతుండగా రెండు నుంచి ఒకటికి దించాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి, మధ్యలో న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ ఇచ్చి లోపలి పళ్ల వేగం కలపాలి. చేయి తిరిగిన డ్రైవరుకు అది విద్యే. ఘాటీ మలుపులో ఎదురుగా లారీ వచ్చినప్పుడు మాత్రం పరీక్షే.

కొత్త గేర్‌బాక్స్ అనగానే అందరూ అయిదో గేరు గురించే అడుగుతారు. దాని సంగతి లెక్కతోనే తేలుతుంది. 28 అంగుళాల ఎత్తు టైరు, 5.38 నిష్పత్తి క్రౌన్ పినియన్ ఉన్న జీపు టాప్ గేరులో గంటకు 60 కిలోమీటర్లు పోతుంటే ఇంజన్ నిమిషానికి సుమారు 2,400 చుట్లు తిరుగుతుంది. అయిదో గేరు నిష్పత్తి 0.8 అయితే అదే వేగానికి సుమారు 1,930 చాలు. విజయనగరం నుంచి శ్రీకాకుళం దాకా సాఫీ రోడ్డు మీద పోయేవాడికి చప్పుడు తగ్గుతుంది, ఇంజన్ నలగదు.

కానీ మన కొండలకు అసలు మేలు ఒకటో గేరులో ఉంది. టీ-90లో దాని నిష్పత్తి దాదాపు 2.8. కొత్త పెట్టెలో అది నాలుగుకు దగ్గరగా ఉంటే, ఇంజన్ బలం చక్రానికి చేరేసరికి పదిహేను రెట్లు అయ్యేది ఇరవై ఒక్క రెట్లు దాటుతుంది. ఫోర్ వీల్ జీపుకు లో గేరు ఉందిగా అనొచ్చు. పాత స్పైసర్-18 ట్రాన్స్‌ఫర్ కేసులో లో వేయాలంటే ముందు చక్రాలనూ కలపాల్సిందే. తారు రోడ్డు మలుపుల్లో అలా కలిపి నడిపితే ముందు వెనక చక్రాలు ఒకదానితో ఒకటి పెనుగులాడి షాఫ్టులు, పళ్లు బిగుసుకుంటాయి. అది బురదకూ రాళ్లదారికీ పనికొచ్చేది. తారు ఘాటీకి గేర్‌బాక్స్‌లోనే బలమైన ఒకటో గేరు ఉండాలి, దానికి సింక్రోమెష్ ఉండాలి.

ఇక బిగింపు. మహీంద్రా 2523 సీసీ డీజిల్ ఇంజన్ జీపుల్లోనూ, ఆ తర్వాత బొలేరోల్లోనూ వచ్చింది కాబట్టి, ఆ ఇంజన్ ఉన్న బండికి అయిదు గేర్ల పెట్టె కలపడం కొంత తేలిక. వేరే ఇంజన్ అయితే మధ్యలో అడాప్టర్ ప్లేటు చేయించాలి, లేతువాడి నైపుణ్యం బయటపడేది అక్కడే. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టు కొస, క్రాంక్ చివర ఉండే పైలట్ బుష్‌లో సరిగ్గా నడిమధ్యన కూర్చోవాలి. ఫ్లైవీలు మీద డయల్ గేజి పెట్టి తిప్పి చూస్తే, బెల్ హౌసింగ్ రంధ్రం కేంద్రం నుంచి అంగుళంలో వెయ్యోవంతులు అయిదుకు మించి పక్కకు పోకూడదన్నది మంచి పనికి కొలత. కంటికి కనిపించని ఈ తేడా వల్లే కొన్ని నెలలకు బేరింగు అరుస్తుంది, గేరు జారిపోతుంది. అప్పుడు గేర్‌బాక్స్ మంచిది కాదని తిడతారు, తప్పు బిగింపుది.

క్లచ్ ప్లేటు మధ్య పళ్లు కొత్త షాఫ్టుకు కలవాలి, దాని వెలుపలి కొలత పాత ఫ్లైవీలుకు కలవాలి. రిలీజ్ బేరింగు ఎత్తు చూసుకోవాలి. స్పీడోమీటరు కేబులు పినియన్ మార్చకపోతే మీటరు అబద్ధం చెబుతుంది. ఇవన్నీ చిన్నవే గానీ ఏ ఒక్కటి మరిచినా పెట్టె మళ్లీ దించాల్సిందే.

పెద్ద చిక్కు పొడవుతో వస్తుంది. సీజే-3బీ ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 80 అంగుళాలే. పొడవాటి గేర్‌బాక్స్ పెడితే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక్కి జరుగుతుంది, వెనక ప్రొపెల్లర్ షాఫ్టు పొట్టిదై ఏటవాలు పెరుగుతుంది. షాఫ్టు రెండు చివరల క్రాస్‌ల దగ్గర కోణాలు సమానంగా లేకపోతే వేగం నలభై దాటగానే బండి నేల వణుకుతుంది. షాఫ్టు కోసి వెల్డింగు చేసి ఊరుకుంటే చాలదు, తూకం సరిచూపించాలి. ఎంఎం-540లో ఆ దూరం 91 అంగుళాలు గనుక అక్కడ ఈ ఇబ్బంది తక్కువ. నన్నడిగితే సీజే-3బీకి పొడవైన పెట్టె కన్నా పొట్టి నాలుగు గేర్లదే మేలు.

మరొకటి ప్రాణానికి సంబంధించినది. పాత విల్లీస్ తరహా జీపులో హ్యాండ్‌బ్రేకు చక్రాలకు ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక షాఫ్టు మీది డ్రమ్ముకు ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసు తీసేసి టూ వీల్ పెట్టె ఎక్కించినవాళ్లు దాంతోపాటు హ్యాండ్‌బ్రేకూ పోతుందని గుర్తుంచుకోవాలి. ఘాటీలో రాయి అడ్డుపెట్టుకుని బతకడం బ్రేకు అనిపించుకోదు.

ఆయిల్ విషయంలోనూ అశ్రద్ధ వద్దు. సింక్రో రింగులు ఇత్తడివైతే జీఎల్-4 రకం పోయాలి. క్రౌన్‌కు పోసే జీఎల్-5లోని గంధకపు మందులు ఆ ఇత్తడిని తినేయగలవు.

అమెరికాలో 1964 నాటి పాంటియాక్ జీటీఓ మొదలు ఆ తరం మజిల్ కార్లకు ఇదే వైద్యం చేస్తున్నారు. నాలుగు గేర్ల మన్సీ పెట్టె దించి, ఓవర్‌డ్రైవ్ ఉన్న ట్రెమెక్ అయిదు గేర్లదీ, ఆరు గేర్లదీ ఎక్కిస్తారు. అక్కడ దీనికి అడాప్టర్లు, షాఫ్టులు అన్నీ కలిపి ఒకే కిట్టుగా దొరుకుతాయి. ఇక్కడ వాటి స్థానంలో ఉన్నది లేతూ, మేస్త్రి బుర్రా. మనకు చేరువైన ఉదాహరణ అంబాసిడర్. స్టీరింగు పక్కన గేరు కర్రతో నాలుగు గేర్లు నడిచిన ఆ కారుకు, 1990ల మొదట్లో కంపెనీయే ఇసుజు ఇంజన్‌తో, నేల మీద కర్ర ఉన్న అయిదు గేర్ల పెట్టె ఇచ్చింది. పాత బండికి కొత్త గేర్లు ఇవ్వడం అపచారం కాదని తయారుచేసినవాళ్లే ఒప్పుకున్నట్టు.

పాతది పాతగానే ఉండాలనేవాళ్లంటే నాకు గౌరవమే. వాళ్ల మాటలో ఒక షరతు మాత్రం నేను పూర్తిగా తీసుకుంటాను. ఛాసిస్ కోయకూడదు. కొత్త క్రాస్ మెంబరును బోల్టులతో బిగించాలి, రేపు ఎవరైనా పాత పెట్టె తిరిగి పెట్టాలనుకుంటే పెట్టగలగాలి. టీ-90 పెట్టెను తూకానికి అమ్మడం అన్నిటికన్నా పెద్ద నష్టం. చట్టం వైపు కూడా ఒక మాట: మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు మారే మార్పులు సొంతంగా చేయకూడదు. గేర్‌బాక్స్‌తో పాటు ఇంజనూ మార్చే ఆలోచన ఉంటే ముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి.

మీ ఇంటి పెరట్లోనో మేనమామగారి కళ్లంలోనో జీపు మూలుగుతుంటే ఇనుము కొట్టుకు పంపకండి. మేస్త్రి దగ్గరకు తీసుకెళ్లండి. "దీన్ని ఏటి పనికి తిప్పుతారు బాబూ, ఏ రోడ్డు మీద?" అని ముందు అడిగి, టేపూ గేజీ తీసి కొలిచాకే ధర చెప్పే మనిషికి పని అప్పగించండి. దించిన పాత గేర్‌బాక్స్‌కు ఆయిల్ రాసి గోనెలో కట్టించి మీతోనే ఇంటికి తెచ్చుకోండి.