మంచుపెట్టె మొదలు జల్లెడ వరకు

ఒక్కొక్క కణమునందు ఏ జన్యువులు మేల్కొనియున్నవో, ఏవి నిద్రించుచున్నవో లెక్కగట్టి చెప్పగల యంత్రములు వెలసిన పిమ్మట లోకుల చూపు వానిమీదనే నిలిచినది గాని, శస్త్రచికిత్సాలయమునుండి వచ్చిన మాంసఖండమును కణములుగా విప్పి ఆ యంత్రమునకు అందించు చేతిపనిని తలచువారు అరుదు. యంత్రమో, తన నోటికందినదానినే లెక్కించును. దారిలో చచ్చిన కణమును గాని, జల్లెడలో చిక్కిన కణమును గాని అది యెరుగదు.

ఈ విద్యకు నూరేండ్లు దాటిన చరిత్ర కలదు. తరువాతి కాలమున నోబెల్ బహుమానము నందిన పేటన్ రౌస్, జోన్స్ అను సహచరునితో గూడి, ట్రిప్సిన్ అను జీర్ణరసముచే కణజాలపు బంధములను సడలించి సజీవకణములను విడదీయు పద్ధతిని 1916లో ప్రకటించెను. 1952లో ఆరన్ మొస్కోనా కోడిపిండముల లేత అవయవములను అట్లే విడదీసెను.

రోగి సమ్మతితో గైకొన్న కణజాలము చల్లని ద్రవములో మునిగి, మంచుగడ్డలపై రావలెను. గడ్డకట్టెనా, లోని నీరు స్ఫటికములై కణపు పొరలను చీల్చును. పెట్రి డిష్‌లో దానిని మిల్లీమీటరు ముక్కలుగా తరుగవలెను. మొద్దుకత్తితో నలిపినవాడు మొదటి నిమిషమునందే సొమ్ము పోగొట్టుకొన్నవాడు. ఆపైన 37 డిగ్రీల వెచ్చదనమున ఎంజైముల స్నానము. కణములను పట్టియుంచు త్రాళ్లు కొలాజన్ అను మాంసకృత్తుతో పేనినవి. ఆ త్రాళ్లను కోయుటకు వాడు కొలాజినేజ్, మాంసమును కుళ్లజేయు క్లాస్ట్రిడియమ్ హిస్టోలిటికమ్ అను సూక్ష్మజీవి చేతి ఆయుధమే యగుట ఒక వింత. ప్లీహము మెత్తనిది గనుక జల్లెడమీద ఒత్తినంతమాత్రమున విడిపోవును. చర్మము గంటలకొలది మొండికేయును. కావున అన్నింటికిని ఒకే కొలత చెప్పు పుస్తకమును నేను నమ్మను. ఈలోగా చచ్చిన కణములనుండి వెలువడిన డి.ఎన్.ఏ. పోగులు బెండకాయ జిగురువలె సాగుచు, బ్రతికియున్న కణములను ముద్దగట్టించును. వానిని తుంచుటకు డి.ఎన్.ఏజ్ అను మరియొక ఎంజైమును కలుపుదురు. దీనికి మెగ్నీషియము, కొలాజినేజునకు కాల్షియము ఆధారము. ఆ రెంటిని పట్టివేయు ఇ.డి.టి.ఏ. ఆ సమయమున గొట్టములో నుండెనా, ఎంజైములు రెండును చేతులు ముడుచుకొని కూర్చుండును.

పిదప వెడల్పు మూతిగల పిపెట్‌తో మెల్లగా పీల్చి వదలి, 70, 40 మైక్రాన్ల జల్లెడలలో వడగట్టి, అమోనియం క్లోరైడుతో ఎర్రకణములను పగులగొట్టి, సెంట్రిఫ్యూజులో త్రిప్పి కడిగిన పిమ్మట పరీక్షాఘట్టము. ట్రిపాన్ బ్లూ అను నీలిరంగు కలిపి, గళ్లు చెక్కిన గాజుపలకపై నొక చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూచినచో, పొర చెక్కుచెదరని కణములు రంగును లోనికి రానీయక ముత్యములవలె మెరయుచుండును. చచ్చినవి నీలిమ నింపుకొని మాసియుండును. మైక్రోలీటరునకు ఇంచుమించు వేయి కణములు, నూటికి ఎనుబదికి తక్కువగాక సజీవములు నున్నగాని పలువురు ముందుకు సాగరు.

ఇంత జేసినను, విడదీయుటయే కణమునకొక గాయము. వెచ్చని ఎంజైములో నానుచున్నంతసేపు అది బెదరి, ఫాస్, జున్ వంటి జన్యువులను మేల్కొల్పును. ఎలుక కండరముల మూలకణములందు ఈ సంగతి 2017లో బయటపడినది. ఠాణాకు ఈడ్చుకొని వచ్చిన సాక్షి మాటలలో చూచినదెంతో, భయమెంతో తేల్చుకొనవలసిన మేజిస్ట్రేటు అవస్థయే ఇచట పరిశోధకునిది. అందుకే కొందరు 6 డిగ్రీల చలిలోనే పనిచేయు బేసిల్లస్ లైకెనిఫార్మిస్ ఎంజైమును ఆశ్రయించిరి.

ఎంత ఓర్పు వహించినను లొంగని కణములు గలవు. గుండె కండరకణము నూరు మైక్రాన్లకు మించిన పొడవుతో ఒక్కొక్క కణమును ఒక్కొక్క ద్రవబిందువులో చేర్చు యంత్రపు సన్నని కాలువలో పట్టదు. క్రొవ్వుకణము నీటిపై తేలి పగులును. నాడీకణము కొమ్మలు విరిగి చచ్చును. అట్టివానికై కణజాలమును ద్రవనైట్రోజనులో −196 డిగ్రీలకడ గడ్డకట్టించి, గాజు రోలు రోకళ్లతో నూరి, కేంద్రకములను మాత్రమే తీసికొందురు. పొర చీలినను కేంద్రకము మిగులును గనుక, ఇచట గడ్డకట్టుట దోషము గాదు. 2020లో వెలువడిన మానవ హృదయ కణపటమునకై 14 మంది దాతల గుండెలను పరిశీలించినప్పుడు, కండరకణముల వృత్తాంతమును ఇట్లు కేంద్రకములనుండియే రాబట్టిరి. విడిగా విప్పిన కణములనుండి మాత్రమే లెక్కించియుండినచో, గుండెపటమున గుండె కండరమే కొరవడియుండెడిది. నేర్పరి యగువాడు జల్లెడమీద మిగిలిన పిప్పిని వెంటనే పారవేయడు. ఉప్పునీటి చుక్కలో కలిపి సూక్ష్మదర్శినిలో పరికించి, ఏ జాతి కణములు అచట చిక్కుకొన్నవో తన పుస్తకమున వ్రాసికొనును.