తెలుపుకే ఖర్చు

హైదరాబాద్ ఛత్తాబజార్‌లో పెళ్లి కార్డు చేత్తో రాసే కాతిబ్‌కు కొలబద్ద అక్కర్లేదు, చుక్క చాలు. ఏటవాలుగా చెక్కిన రెల్లు కలాన్ని కాగితానికి ఆనించి కాస్త లాగితే పడే పలకల చుక్కే నుఖ్తా. ఉర్దూ రాసే నస్తాలీఖ్ లిపిలో అలిఫ్ అక్షరం ఎత్తు సుమారు మూడు నుఖ్తాలు. పాళీ వెడల్పయితే చుక్క పెరుగుతుంది, దాంతో అలిఫూ పెరుగుతుంది. పొందిక మాత్రం చెడదు.

ఇప్పుడు ఆ బజార్లో చాలా కార్డులు కంప్యూటర్లోనే తయారవుతున్నాయి. ట్యాబ్‌లో ప్రూఫ్ చూసుకునే పెద్దాయన అక్షరాలు పెద్దవి చేయమంటాడు. పక్కనున్న కుర్రాడు బ్యాటరీ తినేస్తుందంటాడు. తినదు. ఎందుకు తినదో తెలిస్తే ఆండ్రాయిడ్ చేసినవాళ్ల పనితనం మీద గౌరవం కలుగుతుంది.

వాళ్ల నుఖ్తా పేరు డీపీ. అంగుళానికి 160 పిక్సెళ్లున్న తెర మీద ఒక డీపీ అంటే ఒక పిక్సెల్. అక్కడ 48 డీపీల బటన్ 48 పిక్సెళ్లు. సాంద్రత 240 అయితే 72, 320 అయితే 96. 2016లో ఆండ్రాయిడ్ 7తో వచ్చిన ‘డిస్‌ప్లే సైజ్’ను జరిపితే మారేది ఈ సాంద్రత అంకే. అక్షరాన్ని సాగదీయరు, కొత్త కొలతకు మళ్లీ గీస్తారు. అందుకే తెలుగు వత్తులైనా నస్తాలీఖ్ వంపులైనా అంచు చెదరకుండా నిలుస్తాయి. ఎంత పెద్దది చేసినా ‘క్ష్మీ’లో ముద్ద కట్టని ఆ సందులు చూడండి!

1920 × 1200 తెరలో పిక్సెళ్లు 23 లక్షల పైచిలుకు. అక్షరం చిన్నదైనా పెద్దదైనా నింపాల్సినవి అవే. పేజీలో మాటలు తక్కువ పట్టి స్క్రోలింగ్ కొంత పెరుగుతుంది గానీ, ఆ ఖర్చు చిల్లర. రిజల్యూషన్ తగ్గించడం వేరే సంగతి. అప్పుడు గ్రాఫిక్స్ చిప్ గీసే పిక్సెళ్లే తగ్గుతాయి. గేములాడేవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది, కార్డు చదివేవాళ్లకు అంతగా తెలియదు.

అసలు ఖర్చు వెలుతురుది. ఎల్సీడీ ట్యాబుల్లో వెనక బ్యాక్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది, ముందు నలుపున్నా తెలుపున్నా దానికి దాదాపు ఒకటే. ఓఎల్ఈడీలో ఏ పిక్సెల్‌కా పిక్సెల్ వెలుగుతుంది, నల్లటిది ఆరిపోతుంది. అక్కడ కాతిబ్ లెక్క తలకిందులు: ఆయనకు కాగితపు తెలుపు ఊరికే వచ్చేది, సిరాకే డబ్బు. ఓఎల్ఈడీలో సిరా ఉచితం, కాగితానికే కరెంటు. తెల్ల కార్డు మీద నల్లక్షరం లావైనకొద్దీ ఖర్చు పెరగదు సరికదా, వెంట్రుకవాసి తగ్గుతుంది కూడా.

పెద్దాయన అక్షరాలు పెంచుకుని బ్రైట్‌నెస్ రెండు మెట్లు దించినా హాయిగా చదువుకుంటాడు. బ్యాటరీ మిగిలేది ఆ రెండు మెట్ల దగ్గరే.