ఆరుకు ఏడు

బొల్లారంలో పాత ట్రంకుపెట్టె తెరిస్తే రెండు రకాల వెండి రూపాయలు దొరకడం వింతేమీ కాదు. కంటోన్మెంటులో చెల్లింది ఇంగ్లీషువాళ్ల కల్దారు, చుట్టూ నిజాం రాజ్యంలో హాలీ సిక్కా. ఇప్పుడు రెండూ వాట్సాప్ ఫొటోలై వస్తున్నాయి: ‘సార్, ఇదెంత పలుకుతుంది?’

ఫొటో చూసి ధర చెప్పడం నాకు చేతకాదు. ముందు కంసాలి కాటాలో తూయించమంటాను. హిజ్రీ 1330ల నాటి ఉస్మాన్ అలీఖాన్ చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. 1940కి ముందటి కల్దారు 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. అసలు వెండి లెక్క కడితే హాలీలో 9.14 గ్రాములు, కల్దారులో 10.69. అంటే ఆరు కల్దార్ల వెండి ఏడు హాలీల వెండికి సమానం. వంద కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ అని పెద్దవాళ్లు చెప్పే మారకం కూడా అదే ఆరుకు ఏడు! దొంగ నాణెం పోతపోసేవాడికి ఇంత ఓపిక ఉండదు. చాలాసార్లు కాటా దగ్గరే దొరికిపోతాడు.

తర్వాత నాణెం మీది చార్మినార్ గుమ్మంలోకి చూడాలి. ఉస్మాన్ అలీఖాన్‌దైతే ఐన్ అక్షరం, మహబూబ్ అలీఖాన్‌దైతే మీమ్. పోత నకిలీలో ఆ అక్షరం ముద్దగా ఉంటుంది, అంచున అతుకు గీత తగులుతుంది.

గ్రేడు సంగతికొస్తే, 1 నుంచి 70 దాకా మార్కులేసే పద్ధతి అమెరికాలో విలియం షెల్డన్ 1949లో సెంట్ల కోసం పెట్టింది. మన రూపాయిలకూ అదే వేసి ప్లాస్టిక్ డబ్బీలో సీలు చేస్తున్నారు. (ఆ డబ్బీలకూ నకిలీలున్నాయి.) మన నాణేల రోగాలు మాత్రం వేరే. దండకు కొండి పెట్టిన టంకం మచ్చ ఒకటి. రెండోది చింతపండు. నల్లబడిందని చింతపండుతో తోమి, తళతళలాడుతోందని మురిసిపోయి ఫొటో పంపుతారు. విషయం తెలిసిన నాణేల సేకర్త అక్కడే మొహం తిప్పేస్తాడు.

ధరకు, అమ్మేవాడు రాసుకున్న అంకె చూడొద్దు. వేలంలో నిజంగా ఎంతకు పోయిందో చూడాలి. ట్రాక్టర్ బొమ్మ ఐదు రూపాయల నోటుకు లక్షలిస్తామనేవాళ్లు చివరికి అడిగేది ‘రిజిస్ట్రేషన్ ఫీజు’. తమ పేరు వాడుకుని ఇలా కమీషన్లు గుంజుతున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.

ఇంకొకటి. 1972 చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. హిజ్రీ 1330ల రూపాయలన్నీ ఆ లెక్కలోకి వచ్చేశాయి. డల్లాస్ మేనల్లుడు ఎంత ముచ్చటపడినా కొరియర్ కట్టకండి, కొనేవాణ్ణి ఇక్కడే చూసుకోండి.