గెలిచినవాడి గుడారంలో కూర్చుని

తిరువూరు బస్టాండులో కాసేపు నిలబడితే భద్రాచలం బోర్డు పెట్టుకున్న బస్సు ఒకటి వచ్చి ఆగుతుంది. అదే రోడ్డు మీద వెనక్కి బయలుదేరితే మైలవరం దాటాక కొండపల్లి కోట ఉన్న కొండ కనిపిస్తుంది. ఇంకా ముందుకు పోతే విజయవాడలో ఇంద్రకీలాద్రి కింద అక్కన్న మాదన్న గుహలు. మా ఊరి మీదుగా పోయే ఈ ఒక్క దారికి రెండు కొసల్లోనూ రాజ్యం పోగొట్టుకున్న ఒక రాజు జ్ఞాపకం ఉంది. అతను అబుల్ హసన్ తానీషా, గోల్కొండ కుతుబ్ షాహీల్లో ఆఖరివాడు.

మా వైపు తానీషా అంటే రామదాసు కథలో రాజు. కంచెర్ల గోపన్నను చెరలో పెట్టినవాడూ అతనే, రామలక్ష్మణులే వచ్చి పైకం కట్టారని తెలుసుకుని చేతులు జోడించినవాడూ అతనే. కూచిపూడికి అగ్రహారం ఇచ్చింది కూడా అతనేనని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. షియా మతస్థుడైన సుల్తాను, హనుమకొండ నుంచి వచ్చిన బ్రాహ్మణ మంత్రి మాదన్న, అతని అన్న అక్కన్న: ఈ ముగ్గురి పాలన సున్నీ చక్రవర్తి ఔరంగజేబు కంట్లో నలుసైంది. 1686 మార్చిలో అన్నదమ్ములిద్దరినీ గోల్కొండ వీధిలో చంపేశారు. 1687 జనవరి చివర ఔరంగజేబు స్వయంగా వచ్చి కోటను ముట్టడించాడు. దాదాపు ఎనిమిది నెలల తర్వాత, సెప్టెంబరు 21న, అబ్దుల్లా పనీ అనే సర్దారు లోపలినుంచి దిడ్డి తలుపు తెరిచాడు. తానీషాను దౌలతాబాదు కోటకు పంపి, ఏడాదికి 50,000 రూపాయల భరణం ఏర్పాటు చేశారు. అతను తిరిగి రాలేదు. గోల్కొండలో తాత ముత్తాతల గుమ్మటాల మధ్య అతని సమాధి లేదు, ఖుల్దాబాదులో ఉంది.

ఈ ముట్టడి మీద ఒక చిన్న పారసీ పుస్తకం ఉంది. పేరు ‘వఖాయ్’. రాసినవాడు నేమత్ ఖాన్ ఆలీ. అతను ఓడిన రాజు ఉప్పు తిన్నవాడు కాదు, ముట్టడించిన చక్రవర్తి కొలువులోని మనిషి. ఔరంగజేబు శిబిరంలో జీతం తీసుకుంటూ, అదే శిబిరాన్ని ఇంత నిశితంగా నవ్వులపాలు చేసిన రచన ఆ కాలంలో మరొకటి నాకు తెలియదు. ఈ వ్యాసం అతని పనితనం గురించి.

అసలు పేరు మీర్జా నూరుద్దీన్ ముహమ్మద్. షిరాజ్ నుంచి వచ్చిన వైద్యుల వంశం, షియా మతం. కలంపేరు ఆలీ, అంటే ఉన్నతుడు. ప్రవక్త అల్లుడి పేరు అలీకీ దీనికీ రాతలో తేడా ఒక్క అలిఫ్. ఒక షియా కవి ఈ పేరు ఎంచుకుంటే ఆ దగ్గరతనం చదివేవాడి చెవికి అందకుండా పోదు. ఒక్క అక్షరం జరిపి రెండో అర్థం మోగించే ఆ అలవాటే అతని పుస్తకమంతటా ఉంటుంది.

ముందు పుస్తకం పేరు చూడండి. మొగలుల పాలనలో వాఖియా నవీస్ అని ఒక ఉద్యోగి ఉండేవాడు. ఏ సుబాలో ఏం జరిగిందో, ఏ దండులో ఎవరేం చేశారో తేదీలు వేసి రాసి పైకి పంపడం అతని పని. అలాంటి నివేదికలే వఖాయ్. నేమత్ ఖాన్ ఆ కచేరీ రూపాన్నే ఎత్తుకున్నాడు. ఫలానా రోజు, ఫలానా సర్దారు, ముట్టడి కోసం తవ్విన ఫలానా మోర్చా, చక్రవర్తి సెలవిచ్చిన ఫలానా ఆజ్ఞ. అంతా దస్తరం భాష, అంతా మర్యాద. తిట్టు ఒక్కటీ పైకి కనబడదు. ఆ మర్యాద కిందనుంచి వానలో కుళ్ళిపోతున్న గుడారాలు, తిండి లేని సిపాయిలు, మాటలే తప్ప పని జరగని సేనానులు బయటికి వస్తారు.

మనకు ఇది కొత్త కాదు. వ్యాజస్తుతి అని అలంకారశాస్త్రం ఎప్పుడో పేరు పెట్టింది. కృష్ణ ఒడ్డున శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును ఉద్దేశించి కాసుల పురుషోత్తమ కవి నిందాస్తుతిగా శతకం చెప్పాడు. తురక దండు దాడికి జడిసి భద్రాచలం రాముణ్ణి పోలవరం తరలించినప్పుడు భల్లా పేరకవి ‘భద్రగిరి శతకం’లో ఆ రాముణ్ణే నిలదీశాడు. సింహాచలం నరసింహుడికి గోగులపాటి కూర్మనాథ కవి చేతిలో అదే గతి పట్టింది. మనవాళ్ళు దేవుణ్ణి తిట్టే నెపంతో రాజుల సంగతి చెప్పారు. నేమత్ ఖాన్ రాజును పొగిడే నెపంతో రాజు సంగతే చెప్పాడు. నా దృష్టిలో రెండోది మరింత తెగువ. దేవుడు కొరత వేయించడు.

అతనికి దొరికిన సరుకు కూడా అలాంటిది. 1687లో వానలు విపరీతంగా కురిశాయి. మంజీరా పొంగి దండుకు రావలసిన ధాన్యం ఆగిపోయింది. మేలో మొగలు సేనాని ఫిరోజ్ జంగ్ మనుషులు రాత్రివేళ నిచ్చెనలు వేసి ప్రాకారం ఎక్కుతుంటే ఒక ఊరకుక్క మొరిగి కోటవాళ్ళను లేపిందనీ, తానీషా దాని మెడకు బంగారు గొలుసు వేయించాడనీ ఆ కాలపు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. జూన్‌లో సురంగాల సంగతి వచ్చింది. మొగలులు బురుజుల కిందికి సురంగాలు తవ్వి మందు నింపారు. లోపలివాళ్ళు అది కనిపెట్టి, తమ వైపున్న మందును తోడేసి నీళ్ళు పోశారు. నిప్పు పెట్టేసరికి పేలుడు కోట వైపు పోలేదు, ముట్టడించినవాళ్ళ మీదికే తిరిగింది. రాళ్ళూ మట్టీ మీదపడి మొగలు సైనికులు గుంపులుగా చచ్చారు.

ఇలాంటి సంగతిని మామూలు రచయిత అయితే విషాదంగా చెబుతాడు, లేదా ఎగతాళిగా చెబుతాడు. నేమత్ ఖాన్ దారి వేరు. విజయవార్తకు వాడే మాటల్లోనే పరాజయాన్ని చెబుతాడు. పద్ధతి తెలియడానికి తెలుగులో నేనే ఒక వాక్యం అల్లి చూపిస్తాను, ఇది అతని వాక్యం కాదు: ‘నేడు సురంగము పేలినది, మన శూరులు ఆకాశమంటిరి.’ కచేరీ కాగితంగా చదివితే ఇందులో తప్పు పట్టడానికి లేదు. సురంగం పేలిన మాట నిజం, ఆకాశమంటిన మాట కూడా నిజమే. నవ్వు వాక్యంలో లేదు. ఆ రోజు అక్కడ జరిగిందేమిటో తెలిసిన చదువరి మనసులో ఉంది. అందుకే అతన్ని పట్టుకోవడం కష్టం. వాక్యాన్ని నేరమనాలంటే ముందు ఓటమిని ఒప్పుకోవాలి.

ఆ వాక్యాల నేత కూడా చూడాలి. అంత్యప్రాసలతో నడిచే వచనం, నడుమ నడుమ పద్యాలు. వైద్యుల ఇంట పుట్టినవాడు కాబట్టి నాడి, జ్వరం, పథ్యం అతనికి కరతలామలకం. జ్యోతిషం, తర్కం, వ్యాకరణం కూడా అంతే. ఆ శాస్త్రాల పారిభాషిక పదాలు తెచ్చి యుద్ధవర్ణనలో కూర్చుతాడు. ప్రతి పదానికీ శాస్త్రంలో ఒక అర్థం, శిబిరంలో ఒక అర్థం. పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో రామకథనూ భారతకథనూ ఒకే పద్యంలో నడపడం చూసిన తెలుగువాళ్ళకు ఈ శ్రమ విలువ చెప్పనక్కర లేదు. సూరన రెండర్థాలూ సమానంగా వెలుగుతాయి. నేమత్ ఖాన్ పైఅర్థాన్ని దర్బారుకు అప్పగించి, లోఅర్థాన్ని స్నేహితులకు పంచుతాడు.

అక్షరాలతో ఇంత ఆట ఎలా కుదిరిందో తెలియాలంటే అబ్జద్ లెక్క ఒకటి చూడాలి. పారసీ అక్షరం ప్రతిదానికీ ఒక విలువ ఉంది. మన భూతసంఖ్యల్లో చంద్రుడంటే 1, నేత్రమంటే 2, వేదమంటే 4 అయినట్టు, అక్కడ అక్షరమే అంకె. ఏదైనా ఘనకార్యం జరిగితే, అక్షరాలు కూడితే ఆ సంవత్సరం వచ్చేలా ఒక మాట కట్టడం ఆస్థానాల్లో పెద్ద విద్య. గోల్కొండ పడిన ఏడాది హిజ్రీ 1098. ‘గోల్కొండ కోట విజయం శుభమగుగాక’ అని అర్థం వచ్చే పారసీ మాట ఒకటి చరిత్రల్లో ఉంది. కాగితం తీసుకుని కూడి చూశాను. విజయానికి ‘ఫతహ్’: ఫే 80, తే 400, హే 8, మొత్తం 488. కోటకు ‘ఖలా’ 205. గోల్కొండకు 135. శుభానికి ‘ముబారక్’ 263. చివరి ‘బాద్’ 7. కూడితే సరిగ్గా 1098.

ఇందులో ఒక చిన్న మెలిక ఉంది. గోల్కొండను పారసీలో ‘వావ్’ అక్షరం వేసి రాయవచ్చు, వేయకుండానూ రాయవచ్చు. వావ్ విలువ 6. అది తీసేస్తే మొత్తం 1092 అయి, ఆరేళ్ళు వెనక్కి పోతుంది. ఒక్క అక్షరం కోట పడిన తేదీనే మార్చేస్తుంది. చక్రవర్తికి శుభాకాంక్షలు చెప్పే కవులు అక్షరాన్ని ఇంత జాగ్రత్తగా తూచిన లోకం అది. అదే తూకం రాళ్ళతో నేమత్ ఖాన్ వెక్కిరింతను తూచాడు.

మన పంచాంగంలో ఆ ఏడాది ప్రభవ. తరువాతిది విభవ, అంటే 1688. ఆ విభవలో సముద్రాలకు అవతల మరో రాజు సింహాసనం పోయింది. ఇంగ్లండు కేథలిక్ రాజు రెండో జేమ్స్ మీదికి, అతని ప్రొటెస్టెంట్ అల్లుడు ఆరెంజ్ విలియం హాలండ్ నుంచి నవంబరు 5న దిగాడు. దిగేముందే ఒక ప్రకటన అచ్చు వేయించాడు. హాలండ్ మంత్రి ఫాహెల్ రాశాడు, గిల్బర్ట్ బర్నెట్ అనే మతగురువు ఇంగ్లీషులోకి తెచ్చాడు. దాదాపు 60,000 ప్రతులు అచ్చయి, దాచి ఉంచి, సమయం చూసి వదిలారు. ఆ ప్రకటన పనితనం కూడా తక్కువది కాదు. కిరీటం కావాలని అందులో ఒక్కచోటా అడగదు, స్వేచ్ఛగా ఎన్నికైన పార్లమెంటు కావాలంటుంది. తప్పంతా రాజుది అనదు, చుట్టూ చేరిన దుష్టమంత్రులది అంటుంది. దాన్ని దగ్గర ఉంచుకోవడమే నేరమని జేమ్స్ చాటించాడు. డిసెంబరులో అతనే పారిపోయాడు.

ఔరంగజేబు కూడా తానీషా మీద ఒక నేరాల చిట్టా పంపాడు. ఖాఫీ ఖాన్ చెప్పినదాన్ని బట్టి అందులోని సారం ఇది: అధికారం పరమతస్థుల చేతికి ఇచ్చావు, తాగుడులో మునిగావు, మరాఠా రాజు శంభాజీకి లక్ష వరహాలు పంపావు. ఇక్కడా మంత్రుల పేరు, ఇక్కడా మతం పేరు. అయితే విలియం మాట అచ్చుయంత్రం ఎక్కి పల్లెపల్లెకూ పోయింది, ఇక్కడ ఆ యంత్రం లేదు. చక్రవర్తి మాటకు ముద్ర ఉంది, వార్తాహరుడి గుర్రం ఉంది. ఎదురు మాటకు ఏముంది? ప్రతి వాక్యమూ ఒకసారి వింటే మరవలేనట్టు ఉండాలి, చేత్తో రాసుకునేవాడికి రాసుకోవాలనిపించాలి. ‘వఖాయ్’లో అంత ప్రాస, అంత శ్లేష ఉన్నది పాండిత్య ప్రదర్శనకే అని కొందరు అనుకోవచ్చు. నాకు అలా అనిపించదు. అచ్చు లేని చోట ఆ నగిషీయే అచ్చు.

ఆ ఎదురు మాట నేమత్ ఖాన్ ఒక్కడిదే కాదు, ఈ యుద్ధం ధర్మమా కాదా అనే ప్రశ్న శిబిరంలోనే ఉంది. ముస్లిం రాజ్యాల మీద దండెత్తడం న్యాయమేనా అని చక్రవర్తి అడిగినప్పుడు ఔననలేక షేక్ ఉల్ ఇస్లాం అనే ప్రధాన ఖాజీ తన పదవి వదులుకున్నాడు. ముట్టడి మొదలైన కొద్దిరోజులకే, తానీషాతో ఉత్తరాలు నడిపాడని సొంత కొడుకు షా ఆలంను ఔరంగజేబు ఖైదు చేశాడు. దండులో ఉన్న షియా సర్దారులకు ఈ యుద్ధం ఇష్టం లేదు. బయటికి అనలేని ఆ మాటలన్నిటికీ ‘వఖాయ్’ నోరైంది. ఇంత చేసీ అతను తానీషాను ఆకాశానికెత్తలేదు, అతని చూపంతా ముట్టడించేవాళ్ళ మీదే. ఆ నిగ్రహం నాకు అన్నిటికంటే నచ్చింది. మోర్చాల్లోని ఆకలినీ బురదనీ తేదీలు వేసి చెప్పాడు, అంతే. కోటలో నిలబడినవాడి బలం అందులోనే తెలుస్తుంది.

ఔరంగజేబు అతన్ని ఏం చేశాడు? ఏమీ చేయలేదు. కొన్నాళ్ళకు నేమత్ ఖాన్ అన్న బిరుదిచ్చి వంటశాల పెత్తనం అప్పగించాడు. నేమత్ అంటే భగవంతుడిచ్చిన భాగ్యం, కమ్మని భోజనం కూడా. శిబిరం ఆకలిని అక్షరబద్ధం చేసినవాడికి ఆ పేరు పెట్టడం చూస్తే చక్రవర్తికీ శ్లేష తెలుసనిపిస్తుంది. కామ్‌గార్ ఖాన్ అనే సర్దారు తన పెళ్ళి మీద ఇతను కట్టిన వెక్కిరింతకు శిక్ష వేయమని మొర పెట్టుకుంటే, నన్ను కూడా వదల్లేదు కదా, నేనేమైనా చేశానా అన్న ధోరణిలో చక్రవర్తి జవాబిచ్చాడని ఒక కథనం ఉంది.

తరువాతి కాలంలో ఆ చిన్న పుస్తకం పారసీ నేర్చుకునే పిల్లలకు పాఠ్యమైంది. 19వ శతాబ్దంలో లక్నో నవల్ కిశోర్ ముద్రణాలయం దాన్ని రాతి అచ్చులో వేసింది. చేతిరాత ప్రతులుగా చేతులు మారిన పుస్తకానికి చాలా కాలం పోయాక అచ్చు దక్కింది. మాటలు నేర్చుకోవడానికి కూర్చున్న కుర్రవాళ్ళు గోల్కొండ వానలూ వెనక్కి పేలిన సురంగాలూ వల్లె వేశారు.

1707లో ఔరంగజేబు పోయాడు. తానీషాతో ఉత్తరాలు నడిపి ఖైదుకు పోయిన షా ఆలమే బహదూర్ షాగా గద్దెనెక్కాడు. నేమత్ ఖాన్‌కు దానిష్‌మంద్ ఖాన్ అని కొత్త బిరుదిచ్చి, తన పాలన చరిత్ర రాయమన్నాడు. ఏ దస్తరం భాషను అతను గోల్కొండ కింద తిరగేసి వాడాడో, ముసలితనంలో అదే భాషను తిన్నగా వాడవలసి వచ్చింది. రెండేళ్ళ సంగతులు రాశాడు. అక్కడితో ఆ కలం ఆగింది.