కండీ మోసే మనిషి

అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశెనగ చేను మధ్య నిలబడి మబ్బు కోసం ఎదురుచూస్తూ బతికిన పెద్దలు ముసలితనంలో కేదారనాథ్ బయల్దేరతారు. మోకాళ్లు సహకరించవు. గౌరీకుండ్ నుంచి గుడి దాకా దాదాపు 16 కిలోమీటర్ల కొండదారి. వాళ్లను పైకి చేర్చేది కండీ మోసే మనిషి.

కండీ అంటే వీపుకు తగిలించుకునే బుట్ట. అందులో కూర్చున్నవాళ్లకు కనిపించేది దాటొచ్చిన దారే. ముందున్న దారంతా మోసేవాడిదే. మోసేవాళ్లలో చాలామంది నేపాల్ నుంచి వస్తారు. అడుగు చిన్నది, ఊపిరి లెక్క తప్పదు. కంచరగాడిదలు ఎదురైతే లోయ వైపు కాదు, కొండ వైపు ఒరుగుతాడు. తడిరాయిని పాదంతో తడిమాకే బరువు వేస్తాడు. దీన్ని కూలిపని అనడం నాకు నచ్చదు. ఇది గొప్ప విద్య.

"నిదానంగా పో నాయనా" అంటుంది మన అవ్వ. మాట తెలియకపోయినా నడక నెమ్మదిస్తుంది.

2013 జూన్‌లో చోరాబారి సరస్సు గట్టు తెగి, ఈ దారిలోని రాంబాడా ఊరు కొట్టుకుపోయింది. ఆ తర్వాత అక్కడి నుంచి దారి మందాకిని నది అవతలి ఒడ్డుకు మారింది. ఆ కొత్త దారినీ మోసేవాళ్ల కాళ్లు నేర్చుకున్నాయి.

3,583 మీటర్ల ఎత్తున కండీ దిగితే గుడి వెనక 6,940 మీటర్ల కేదారనాథ్ శిఖరం, దాని కింద మందాకిని పుట్టే చోరాబారి హిమానీనదం. చెరువు నిండితే పండగ చేసుకునే ఊరి అవ్వ అన్ని నీళ్లు గడ్డకట్టి ఉండటం చూస్తుంది. అప్పటికే ఆమెను మోసినవాడు కిందికి దిగే బేరం చూసుకుంటుంటాడు. ఎందుకంటే గుడి తెరిచి ఉండేది సుమారు ఆరు నెలలే.